పొట్లం తీసే చెయ్యి

మేధా, ఆ దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. కౌశికా, నువ్వు కాస్త గోడవైపు జరుగు, చాపంతా నీ మోచేతులే. ఆఁ, ఇప్పుడొక ప్రశ్న. బాగా ఆలోచించి చెప్పాలి. తొందరేం లేదు.

రెండు పొట్లాలున్నాయి. దేంట్లో ఏముందో మీకు తెలీదు. దేవుడికి దణ్ణం పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక పొట్లం తీశారు. ఆ పొట్లం తీసిందెవరు? మీరా, దేవుడా?

"నేనే" అంటాడు కౌశిక్. "దేవుడే" అంటుంది మేధ. సరే, ఇద్దరి జవాబులూ అలాగే పెట్టుకోండి. కథయ్యాక దిద్దుతాను.

అనగనగా నీళ్ళ నడుమ ఒక ఊరు. పేరు తుంగలంక. చుట్టూ అవతలి గట్టు కంటికి ఆననంత పెద్ద సరస్సు. ఆ ఊరివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. దోనె అంటే ఏమిటంటే, తాటిమాను తొలిచి చేసిన సన్నటి పడవ. సరస్సు అంచున తుంగ మొలుస్తుంది. ఆ తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి, చాపలు నేసి బతుకుతారు వాళ్ళు. మీరు పడుకున్నారే, ఇలాంటి చాపలే.

ఆ ఊళ్ళో వజ్రమ్మ అని ఒక మామ్మ ఉండేది. కొడుకూ కోడలూ పొద్దున్నే తుంగకోతకి పోయి పొద్దుగూకాక వచ్చేవారు. పగలంతా ఇంట్లో ఉండేది ముగ్గురు. మామ్మ, మామ్మ కూతురు నీలవేణి, మనవరాలు చిలకమ్మ. నీలవేణి చిలకమ్మకి మేనత్త. జడ వేసేది అత్త, అన్నం కలిపిపెట్టేది అత్త, పడుకునేటప్పుడు వీపు గోకేది అత్త. అత్త మగ్గం దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తూ చాప నేస్తుంటే, పక్కన కూర్చుని ఒక్కొక్క తుంగపోచా అందించేది చిలకమ్మ.

వాళ్ళింట్లో గోడగూట్లో సత్తెమ్మతల్లి ఉండేది. పసుపు ముఖం, వెండి కళ్ళు. మామ్మకి ఏ సందేహం వచ్చినా సత్తెమ్మతల్లిని అడగాల్సిందే. ఎలా అడిగేదో చెప్తా వినండి.

ఒక అరిటాకు ముక్కలో సన్నజాజులు పెట్టి నారతో కట్టేది. ఇంకో ముక్కలో మందారం పెట్టి అలాగే కట్టేది. రెండూ అటూ ఇటూ మార్చి అమ్మవారి ముందు పెట్టేది. జాజులొస్తే సరే అన్నట్టు. మందారమొస్తే వద్దన్నట్టు. తియ్యని పొట్లాన్ని విప్పకూడదు, అలాగే తీసుకెళ్ళి నీళ్ళలో వదిలెయ్యాలి. ఒకసారి అడిగింది మళ్ళీ అడగకూడదు.

మరి పొట్లం ఎవరు తియ్యాలి? పాలపన్ను ఒక్కటి కూడా ఊడని పిల్ల తియ్యాలి. అంత చిన్నపిల్లల చేతికి సొంత కోరికలు ఉండవని వాళ్ళ నమ్మకం. నవ్వకండర్రా! మామ్మ నిజంగానే అలా అనుకునేది పాపం. సాయంత్రం డబ్బాలో జంతికలు ఎవరి చెయ్యి ఖాళీ చేసిందో చూసుంటే అనుకునేది కాదు.

అలా ఆ ఇంట్లో పొట్లాలు తీసే చెయ్యి చిలకమ్మది అయ్యింది. కొత్త ఆవకాయ జాడీ ఈరోజు తీద్దామా అంటే చిలకమ్మని పిలిచేవారు. గేదెని సరస్సు అంచుకి మేతకి తోలదామా అన్నా పిలిచేవారు. తను కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి, ఏది తగిలితే అది తీసేది. తీసిన ప్రతిసారీ ఆశ్చర్యపోయేది. ఇంత పెద్దవాళ్ళందరూ నా చెయ్యి చెప్పినట్టు వింటున్నారే! ఇంతకీ చెయ్యి నాదా, అమ్మవారిదా?

ఒకరోజు అలాగే కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది. అప్పుడు సరస్సు మీంచి గాలొకటి ఇంట్లోకి వచ్చింది. ఆ గాలికి ఎడంపక్కనుంచి కమ్మగా సన్నజాజి వాసన! చిలకమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. జాజులకి వాసనుంటుంది, మందారానికి ఉండదు. ఎడంపక్క పొట్లం తీసింది. విప్పితే జాజులే.

మరి మామ్మకి ఇన్నాళ్ళూ ఆ వాసన ఎందుకు తెలీలేదు? చెప్పండి చూద్దాం. తెలీదా? మామ్మ ముక్కుపొడుం పీలుస్తుంది. ఆ ముక్కుకి జాజీ ఒకటే, బురదా ఒకటే.

ఆ తర్వాత ఏమైంది? సత్తెమ్మతల్లి తీర్థం వచ్చింది. చిలకమ్మకి జలుబు చేసింది కదా, తీసుకెళ్ళనా వద్దా అని మామ్మ అడిగింది. చిలకమ్మ ముక్కు ఎగబీల్చి ఎగబీల్చి మరీ జాజులు తీసింది. తీర్థానికి వెళ్ళి రంగులరాట్నం ఎక్కింది.

ఆ తర్వాత, పిల్లకి కడుపులో బాగాలేదు, ఆముదం పట్టించనా తల్లీ అని అడిగింది మామ్మ. అప్పుడు చిలకమ్మ జాజుల జోలికే పోలేదు. మందారం తీసింది. "వద్దందా? సరేలే" అని మామ్మ ఆముదం సీసా మళ్ళీ అటకెక్కించింది.

అమ్మవారు ఏమన్నా అందా? ఏమీ అనలేదు. గూట్లోంచి వెండి కళ్ళతో అలాగే చూస్తోంది. ఈవిడకి తెలిసే ఊరుకుందా, తెలీక ఊరుకుందా అని చిలకమ్మ చాలాసేపు ఆ కళ్ళలోకి చూసింది. ఏమీ తేలలేదు.

అప్పుడు, అవతలి గట్టునుంచి ఒక దోనె వచ్చింది. దాంట్లో తులశమ్మ అనే ఆవిడా, ఆవిడ కొడుకు సింహాద్రీ దిగారు. నీలవేణిని చూసుకోడానికి వచ్చారు. సింహాద్రి దోనెలు తొలిచే పనివాడు.

కుర్చీ వేస్తే సింహాద్రి కూర్చోలేదు. కింద చాప మీద కూర్చున్నాడు. కూర్చుని, చాప అంచు వేలితో తడిమి, "ఇది ఎవరు నేశారు?" అని అడిగాడు.

"మా అత్త" అంది చిలకమ్మ, గొప్పగా.

"నా దోనె అంచు కూడా ఇంత తిన్నగా రాదు" అన్నాడు సింహాద్రి.

తలుపు వెనక అత్త నవ్వింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, కళ్ళు దాగలేదు. చిలకమ్మ చూసింది. అత్త అలా నవ్వడం తనెప్పుడూ చూళ్ళేదు.

"పిల్ల మాకు నచ్చింది. మీ మాటేమిటి?" అంది తులశమ్మ.

"సత్తెమ్మతల్లిని అడిగి కబురు చేస్తాం వదినా" అంది మామ్మ.

"అడగండి, అడగండి. మా ఇంట్లో అయితే నన్నడిగితే చాలు" అంది తులశమ్మ. ఆవిడ మాట కాస్త పెళుసు. మనిషి మంచిదే.

ఆ సాయంత్రం మామ్మ తలస్నానం చేసి రెండు పొట్లాలు కట్టింది. చిలకమ్మ కళ్ళు మూసుకుంది. అత్త వెళ్ళిపోతే నాకు జడెవరు వేస్తారు? వీపెవరు గోకుతారు? నేను పోచలు ఎవరికి అందిస్తాను? ఈ మూడు ప్రశ్నలే బుర్రలో గిరగిరా తిరుగుతున్నాయి. ముక్కేమో దాని పని అది చేసుకుపోయింది. జాజులు కుడిపక్క ఉన్నాయి.

చిలకమ్మ చెయ్యి ఎడంపక్కకి వెళ్ళింది.

పొట్లం విప్పితే ఎర్రగా మందారం. మామ్మ ముఖం వాడిపోయింది. అత్త "అమ్మవారి మాట కదా" అని లేచి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది. జాజుల పొట్లాన్ని ఎవరూ విప్పలేదు. నీళ్ళలో వదిలేశారు. అది తేలుతూ తేలుతూ సింహాద్రి వాళ్ళ గట్టువైపే పోయింది. అవతలికి వద్దని కబురూ పోయింది.

చిలకమ్మ గెలిచింది కదా, మరి సంతోషంగా ఉందా? వినండి.

మర్నాటినుంచి అత్త కూనిరాగం ఆగిపోయింది. ఆ తర్వాత, జడ వేసి రిబ్బను కట్టడం మర్చిపోయింది. ఆ తర్వాత, ఎప్పుడూ తప్పని అత్త చెయ్యి తప్పి, చాపలో ఎర్రచార ఉండాల్సిన చోట పచ్చచార పడింది. అత్త దాన్ని విప్పదీసి మళ్ళీ నేసింది. పక్కన కూర్చుని పోచలందిస్తున్న చిలకమ్మకి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. అన్నం దిగదు, నీళ్ళు దిగవు.

అప్పుడు తనకొక ఉపాయం తోచింది. మామ్మ అడిగినట్టే నేనూ అడిగితే?

ఎవరూ లేనప్పుడు తనే రెండు పొట్లాలు కట్టింది. వంకరటింకరగా వచ్చాయనుకోండి. కళ్ళు మూసుకుని బాగా కలిపింది. ఈసారి మోసం లేకుండా ఎడంచేత్తో ముక్కు గట్టిగా పట్టుకుంది. "తల్లీ, జరిగింది మామ్మకి చెప్పనా, వద్దా?" అని అడిగింది.

మందారం వచ్చింది.

హమ్మయ్య! అమ్మవారే వద్దంది! చిలకమ్మ గంతులేసుకుంటూ వంటింట్లోకి పోయి పెరుగన్నం ముందేసుకుంది. ముద్ద నోట్లో పెట్టింది. దిగలేదు.

ఇదేమిటి? మళ్ళీ వెళ్ళి అడిగింది. ఒకసారి అడిగింది మళ్ళీ అడగకూడదని తెలుసు, అయినా అడిగింది. మళ్ళీ మందారమే. మూడోసారి అడిగింది. మూడోసారీ మందారమే. అయినా ఆ గొంతులో ముద్ద అక్కడే ఉంది.

చిలకమ్మ గూటి ముందు చతికిలబడి ఆలోచించింది. పువ్వేమో చెప్పొద్దు, చెప్పొద్దు అంటోంది. మరి లోపల్నుంచి చెప్పు, చెప్పు అంటున్నదెవరు?

చూశారా, ఆ పిల్లకి ఎంత మంచి ప్రశ్న వచ్చిందో! బళ్ళో ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగితే నేను పాఠం ఆపేసి చప్పట్లు కొట్టించేదాన్ని.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి పక్కింటి పిన్ని గొంతు వినిపించింది. "విన్నావా వజ్రమ్మత్తా! తులశమ్మ వాళ్ళు రేపు పొద్దున్నే కొడుక్కి పైలంక పిల్లని చూడ్డానికి పోతున్నారట. అక్కడే తాంబూలాలు పుచ్చేసుకుంటారట!"

చిలకమ్మ ఇక ఆగలేదు. వాకిట్లోకి ఒక్క పరుగు తీసింది. మామ్మ తుంగ చీలుస్తోంది. ఎదురుగా నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, మొత్తం చెప్పేసింది. జాజి వాసన, తీర్థం, ఆముదం, అత్త పెళ్ళి, అన్నీ.

మామ్మ చేతిలో తుంగ అలాగే ఉండిపోయింది. ఆ తుంగ పక్కన పెట్టి అడిగింది. "ఆముదం కూడానా?"

"ఆముదం కూడా, మామ్మా."

"ఓసి నీ కడుపు బంగారం గానూ!" అంది మామ్మ. తిడుతోందో, ఏడుస్తోందో, నవ్వుతోందో చిలకమ్మకి అర్థం కాలేదు.

"చెప్పనా వద్దా అని పువ్వులు పెట్టి కూడా అడిగాను మామ్మా. ముక్కు మూసుకునే తీశాను. మూడుసార్లూ వద్దనే వచ్చింది."

"మరెందుకు చెప్పావే?"

"లోపల ఊరుకోవట్లేదు."

అప్పుడు మామ్మ చిలకమ్మని దగ్గరికి లాక్కుని గుండెమీద చెయ్యి పెట్టింది. "పిచ్చిపిల్లా! నువ్వు గూటి ముందు కూర్చుని అడుగుతున్నప్పుడు ఆవిడ గూట్లో లేదే. ఇక్కడికొచ్చి కూర్చుంది. మనకి తెలియనిదానికి పువ్వులు పెట్టి అడగాలి. తెలిసినదాన్ని ఆవిడ ముందే చెప్పేసింది. చెప్పేశాక మళ్ళీ అడిగితే ఏం చేస్తుంది? మందారం చేతికిచ్చి, దీన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చుంటావో చూస్తానంటుంది."

అలా అంటూ అంటూనే మామ్మ మాట ఆపేసింది. మగ్గం వైపు చూసింది. తనకీ ఏదో తట్టినట్టుంది. లేచి, తుంగ పొట్టు దులుపుకుని, కూతురి దగ్గరికి వెళ్ళింది.

"నీలా, ఆ అబ్బాయంటే నీకిష్టమేనా?"

నీలవేణి తలెత్తలేదు. "నన్నడుగుతున్నావేంటమ్మా? అమ్మవారినడిగావుగా."

"అమ్మవారిని అడిగాను. నిన్నడగలేదు. నీ మనసులో ఉన్నది నువ్వు చెప్పాలి గానీ, దానికి అరిటాకు పొట్లాలెందుకు? అది నాకు తోచలేదు. ఇప్పుడడుగుతున్నాను."

నీలవేణి చేతిలో తుంగపోచని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. "ఇష్టమే" అంది. వినిపించీ వినిపించకుండా అంది గానీ, చిలకమ్మకి మాత్రం ఊరంతా వినిపించినట్టనిపించింది.

అప్పుడు మామ్మ దోనె విప్పించింది. ఎండ వాలుతుండగా మామ్మా, చిలకమ్మా అవతలి గట్టుకి బయల్దేరారు. దోనె ఊగింది. అక్కడ చెప్పాల్సిన మాట తలుచుకుంటే చిలకమ్మ ముందుపన్ను కూడా ఊగింది. అది రెండ్రోజులుగా కదులుతోందిలెండి.

తులశమ్మ వాకిట్లోనే ఎదురైంది. "ఏం వదినా, ఇలా వచ్చారు? మీ అమ్మవారు వద్దంది కదా? మళ్ళీ మనసు మార్చుకుందా ఏమిటి?"

మామ్మ నోరు తెరిచేలోపే చిలకమ్మ ముందుకొచ్చింది. "అమ్మవారు వద్దన్లేదు. నేనన్నాను. ఆముదం తప్పించుకున్నట్టే, వాసన చూసి ఎర్రపువ్వు తీశాను."

"అదేం పనే?"

"అత్త మీ ఇంటికొచ్చేస్తే నాకు జడెవరు వేస్తారని."

తులశమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది. లోపల సింహాద్రి ఉలి చప్పుడు ఆగిపోయింది.

"నా ఇంటిముందుకొచ్చి నా ముఖం చూసి నిజం చెప్పేవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో!" అంది తులశమ్మ. "ఒరే సింహాద్రీ, రేపు పైలంక పోవడం లేదు. దోనె విప్పొద్దు." ఆ తర్వాత చిలకమ్మ చెవి మెల్లిగా మెలిపెట్టింది. "ఆముదం మా ఇంట్లోనూ ఉంది, గుర్తుంచుకో. అత్తని చూడ్డానికొచ్చినప్పుడు ఈ చేత్తోనే పట్టిస్తాను."

ఆ తర్వాత తులశమ్మ మామ్మ ఇంటికొస్తే, పంతులుగారిని పిలిచి ముహూర్తం అడిగారు. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, "రెండు మంచిరోజులున్నాయి. ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక. ఏదైనా దివ్యంగా ఉంటుంది. మీ ఇష్టం" అన్నారు.

ఇద్దరు వియ్యపురాళ్ళూ ముఖముఖాలు చూసుకున్నారు. ఏది మేలో ఎవరికీ తెలీదు. అడిగితే చెప్పగల మనుషులెవరూ లేరు. ఇదీ పువ్వులు పెట్టాల్సిన ప్రశ్న! జాజులొస్తే ముందురోజు, మందారమొస్తే వెనకరోజు అనుకుని పెట్టారు.

చిలకమ్మ ఏం చేసిందో తెలుసా? తన ముక్కు మీద తనకి నమ్మకం లేదు. మామ్మ పొడుండబ్బీ తెచ్చుకుని ఒక చిటికెడు పీల్చేసింది. మీరు అలాంటి పనులు చెయ్యకండి! కళ్ళలో నీళ్ళు, ముక్కులో మంట, ఏ వాసనా తెలిస్తే ఒట్టు. అలాగే తడుముకుంటూ ఒక పొట్లం తీసింది. తీసీ తియ్యగానే, హాఛ్ అని ఒక్క తుమ్ము! ఊగుతున్న పాలపన్ను ఊడి అమ్మవారి గూట్లో పడింది.

పొట్లం విప్పితే జాజులు. మందారం పొట్లాన్ని విప్పకుండా చిలకమ్మే నీళ్ళలో వదిలింది.

ఆ ముందురోజునే పెళ్ళి పెట్టుకున్నారు. మరి ఆ రోజు ఏమైంది? వానొచ్చింది! పందిరి కారింది, అప్పడాలు మెత్తబడ్డాయి, భజంత్రీల డోలు బుంగమూతి పెట్టింది. "ఏం పువ్వులో ఏమో, వజ్రమ్మ అమ్మవారు భలే రోజు చెప్పింది!" అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించారు. ఆ వెనకరోజు వచ్చింది. ఆ రోజు చూస్తే, పూటంతా ఫెళఫెళా ఎండ!

"మామ్మా, అమ్మవారు తప్పు చెప్పిందా?" అని అడిగింది చిలకమ్మ, పన్ను లేని నోటితో.

"దారి చూపించమన్నాం గానీ గొడుగు పట్టమన్నామా?" అంది మామ్మ. "తడిసింది పందిరి. పెళ్ళి తడవలేదు. చూపించిన దారిన నడిచాక, ఆ రెండో దారెలా ఉండేదో అని మెడ తిప్పకూడదు. అందుకే ఆ పొట్లాన్ని నీళ్ళలో వదిలేది."

చిలకమ్మ సరస్సు వైపు చూసింది. అవతలి గట్టు కంటికి ఆనడం లేదు. కానీ గాలి ఇటు తిరిగినప్పుడు చెవికి ఏదో తగిలింది. అత్త కూనిరాగమా, నీళ్ళ చప్పుడా? ఏమిటో తేల్చుకోడానికి ఈసారి పొట్లాలు కట్టలేదు. దోనె ఎక్కి, వెళ్ళి చూసింది. అత్త చాప నేస్తోంది. పక్కన పోచలందించే చోటు ఖాళీగానే ఉంచింది.

జాజిపువ్వు జడకెక్కె,
మందారం నీటికెక్కె,
నీలవేణి దోనెనెక్కె,
కథేమో కంచి బండెక్కె,
ఇంటికొచ్చి నిద్దరమ్మ మన కళ్ళెక్కె!

ఏమిటి మేధా, ఇంకా నిద్రపోలేదా? జవాబు దిద్దలేదనా? ఇంతకీ పొట్లం తీసింది చిలకమ్మా, అమ్మవారా అనేగా నీ ప్రశ్న?

అయ్యో, ఆ మాటకొస్తే గుర్తొచ్చింది. పాలు తోడెయ్యడం మర్చిపోయి కథలో పడ్డాను. ఉండండి, చల్లారిపోతాయి. తోడు నేను వేసొస్తాను. పెరుగు ఎవరు చేస్తారో పొద్దున్న లేచి మీరే చూసి చెప్పండి.